ఎర్ర బకెట్టులో పింఛను కాగితాలు

మైపాడులో మా పొరుగున నివసించిన విశ్రాంత ఫైర్‌మన్, నాకు వరసకు మామ, గత నెల ఒక ఉదయం ఇడ్లీలు తిని, చేయి కడుక్కుని, గుండెపోటుతో మరణించారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. ఇందుకు ఆయన పన్నెండేళ్లుగా సిద్ధమవుతూ వచ్చారు. మేమే కాలేదు.

అంటుకోని మంటకు డ్రిల్లు చేయడం ఆయన ఉద్యోగంలో నేర్చిన విద్య. పదవీ విరమణ తరువాత దానిని ఇంటికి వర్తింపజేశారు. నెలకొక ఆదివారం ఈల ఊది, మంచంపై పడుకుని అత్తను ప్రశ్నించేవారు.

“ఏమే, నేను పోయినాననుకో. ముందు ఏం చేస్తావు?”

“ఏడస్తా.”

“ఏడువు. ఆనక?”

“బకెట్టు దించతా.”

అగ్నిమాపక కేంద్రాల్లో ఉండే గుండ్రటి అడుగు ఎర్ర బకెట్టు అది. నేల మీద నిలవదు. తలుపు పక్కన కొక్కేనికి వేలాడేది. ఇసుకకు బదులు అందులో పెన్షన్ పుస్తకం, దంపతుల ఫొటో, బ్యాంకు పుస్తకం, కుటుంబ పింఛనుకు దరఖాస్తు ఉండేవి. లేనిది మరణ ధ్రువపత్రం. “అదొక్కటే నా చేతిలో లేదు,” అని నొచ్చుకునేవారు.

కారణం లేకపోలేదు. ఆయన సహోద్యోగి ఒకరు పోతే, భర్తతోనే పింఛనూ పోయిందనుకుని ఆ ఇల్లాలు రెండేళ్లు ఎవరినీ అడగలేదు. “తగ్గతాది గానీ ఆగదు. అడగాల, అంతే,” అనేవారు మామ. అత్తకు చదువు రాదు. ఒంటరిగా ఏ ఆఫీసు మెట్లూ ఎక్కి ఎరగరు.

ఎదురింటి విశ్రాంత హెడ్ కానిస్టేబుల్ గారు నవ్వేవారు: “చావుకు రిహార్సలేందన్నా?” ఒకసారి అత్త నిజంగానే ఏడవడంతో ఆయనే పూలదండతో పరుగెత్తుకొచ్చారు. మామ లేచి కూర్చుని, స్పందన సంతృప్తికరమని ప్రకటించి, దండను స్వీకరించారు.

కర్మకాండ ముగిసి, ధ్రువపత్రం చేతికందిన రోజు నేను తోడొస్తానన్నాను.

“నువ్వు డ్రిల్లులో లేవు గదా నాయనా. గమ్మునుండు,” అని అత్త ఒక్కరే నెల్లూరు బస్సెక్కారు. ట్రెజరీలో గుమాస్తా బకెట్టు కింద పెట్టమన్నారట. “నిలబడదయ్యా. నేనే పట్టుకుంటా. నువ్వు కాగితాలు చూడు,” అన్నారట. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. కుటుంబ పింఛను మంజూరైంది.

నిన్న ఆదివారం ఎదురింట్లో ఈల మోగింది. గోడ మీదుగా చూశాను. అత్త ఈల పట్టుకుని నిలబడ్డారు. హెడ్డుగారి భార్య కొత్త బకెట్టు దించుతున్నారు. హెడ్డుగారు మంచంపై కళ్లు మూసుకుని, ఆదేశాల మేరకు, మరణించి ఉన్నారు.