ఈశాన్యంలో వాషింగ్ మెషీన్

మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరు కింది వాటాలోనే ఉండేవాడు. ఒకప్పుడు పొలాలున్న కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. ఓసారి తోటి వ్యాపారులతో విదేశీ టూరుకు వెళ్లి, నేనిప్పటికీ సరిగ్గా పలకలేని ఒక దేశం నుంచి ఎర్ర జెర్సీతో దిగాడు. ఆ రోజు నుంచి అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు ఆయన ఇంటి పరువైపోయింది.

"ఆ దేశంల క్లబ్బులు మస్తున్నయి తమ్మీ. గని కప్పు ఎప్పుడైనా ఆ మూడు పెద్ద క్లబ్బులకే. మిగిలినోళ్లంత కిరాయిదార్లు," అనేవాడు, సరిగ్గా నా మొహంలోకి చూస్తూ.

ఆ ఏడు మాత్రం ఊరూ పేరూ లేని ఓ చిన్న క్లబ్బు అందరికంటే పైకెక్కి కూచుంది. ఎర్ర జెర్సీల వాళ్లు వరసగా ఓడుతున్నారు. మా ఓనరు కోచ్‌ను తిట్టలేదు. వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆయన ఇల్లంతా తిరిగి, మా వాటాలో వాషింగ్ మెషీన్ ముందు ఆగాడు.

"ఈశాన్యంలో ఇంత బరువు పెడితే గెలుపు ఎలా వస్తుందండీ?"

మెషీన్ నైరుతికి పోయింది. మళ్లీ ఓడారు. బీరువా పోయింది. అయినా ఓడారు. మంచం కూడా పోయాక పెద్ద గది ఖాళీ అయింది. నేనూ నా భార్యా పాపా నైరుతి గదిలో బీరువాకూ మెషీన్‌కూ మధ్య ఇరుక్కుని పడుకున్నాం.

"వాళ్లు ఆడ బంతి తంతే మనం ఈడ మంచం జరుపుడేంది?" అని నా భార్య మండిపడింది. అయినా ఇల్లు మారదామని మాత్రం అనలేదు. ఆమె పాఠాలు చెప్పే బడీ, పాప చదివే బడీ ఒకటే, పక్క వీధిలోనే. ఎల్బీనగర్ అంతా గాలించినా అంత దగ్గర్లో మాకు ఇంకో ఇల్లు దొరకలేదు.

"ఈసారి కప్పు పోతే ఖాళీ చెయ్యుర్రి తమ్మీ. ఏమనుకోకు," అనేశాడు ఓనరు.

మంచం జరిగాక ఎర్రవాళ్లు ఎలాగో పుంజుకుని చిన్న క్లబ్బును అందుకున్నారు. ఆఖరి మ్యాచ్ ఆ ఇద్దరికే పడింది. గెలిచినవాళ్లదే కప్పు. ఆదివారం సాయంత్రం ఓనరు నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. ఎర్రవాళ్లు గెలవాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మనస్ఫూర్తిగానే మొక్కాను. ఆట ముగుస్తుందనగా చిన్న క్లబ్బు ఆటగాడొకడు గోల్ కొట్టాడు. నేను సోఫాలోంచి ఎగిరి, "కొట్టిండు!" అని కేక పెట్టాను. అంత సంతోషం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఓనరు టీవీని వదిలి నన్నే చూస్తున్నాడు.

తెల్లారేసరికి గేటుకు టులెట్ బోర్డు వేలాడింది. నా భార్య గిన్నెలు గోనెసంచిలో విసురుగా కుక్కుతోంది. ఈ రోజు నాకు మూడిందనుకున్నాను.

"ఇంతకు మనోళ్లే గెలిచిండ్రా?" అని అడిగింది.

"మనోళ్లే."

"మంచిగైంది," అని సంచి మూతి బిగించి కట్టింది.