సీటు బెల్టుకు పెట్టిన గంధం

ఒక తండ్రి తన కన్నకూతుర్ని పరుగుపందెం రోజున, ఊరంతా చూస్తుండగా, తాను కొన్న కుర్చీకి తానే కట్టేసి, విప్పలేక నిలబడిపోయిన కథ ఇది. ఆ తండ్రిని నేనే. చివర్లో తెలిస్తే మీరు మళ్ళీ మొదటికొచ్చి తిట్టుకోవాల్సి వస్తుంది. ఇప్పుడే చెప్పేస్తే చదువుతూనే తిట్టుకోవచ్చు కదా అని చెప్పేస్తున్నాను.

చింతామణిలో మాది కిరాణా అంగడి. చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజుల్లోనే నేనూ కొత్తగా కారు కొన్నాను. కారు పాతదే, గొప్పలు మాత్రం కొత్తవి. మా నందినికి అప్పుడు పదేళ్ళు, ఐదో తరగతి. బక్కపిల్ల. వెనక సీట్లో కూర్చుంటే బయటివాళ్ళకు దాని రిబ్బను తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అయితే కాళ్ళు నేలమీద పెట్టిందా, ఇక పట్టుకోవడం మా తరం కాదు. నూరు మీటర్ల పరుగులో తాలూకాకే మొదటిదిగా వచ్చింది. ఆ వచ్చే సోమవారం చిక్కబళ్ళాపురంలో జిల్లా పోటీ. వారం రోజులుగా ఆ పిల్ల ఇంట్లో నడిచింది లేదు. వంటింట్లోకి పరుగే, పెరట్లోకి పరుగే.

కథలోకి మా బామ్మర్ది రమేశును తీసుకురావాలి. బాగేపల్లిలో పుట్టి, బెంగళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేసేవాడు. అంతకు నెల ముందు మా ఇంటికొచ్చి, ఒక ప్లాస్టిక్ పీట గుమ్మంలో పెట్టి, "మా పాప పెద్దదైపాయ బావా, ఇంక నందినికి పనికొస్తాది, పెట్టుకోండి" అని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. జానెడు ఎత్తు కూడా లేదు. పైన మెత్త, పక్కల రెండు చేతులు. చదువుకునేటప్పుడు కూర్చునే పీట కాబోలు అనుకున్నాం. నందిని దాని మీద చదివింది ఒక్కపూటే. మరునాటి నుంచి అవరేకాయలు, అదే అనపకాయలు, వలవడానికి మా అమ్మ దాన్ని స్వాధీనం చేసుకుంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎవరు అడగగలరు?

పోటీ దగ్గరపడిందని తెలిసి రమేశు వాళ్ళ అక్కకు ఫోను చేశాడు. ఆమె ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చింది.

"ఏమండీ, కారులో నందినిని సీటు లేకుండా కూర్చోబెట్టొద్దని చెప్తాండాడు రమేశు. బెల్టు దాని గొంతుకు తగుల్తాదంట. బ్రేకు వేస్తే ప్రమాదమంట."

"సీటు లేకుండా ఏంది? కారులో సీటు ఉండాది కదా?"

"అది కాదంట. పిల్లలకు వేరే సీటు ఉంటాదంట, దాని మీద కూర్చోబెట్టల్లంట."

"ఎట్లాంటి సీటు?"

"నాకేం తెలుసు? మీరే ఫోను చేసి అడగండి."

నేను బావను. బామ్మర్దికి ఫోను చేసి, నా కూతుర్ని దేని మీద కూర్చోబెట్టాలో అడగాలా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నా బుద్ధి ఆగిపోయింది. గురువారం సరుకులకు బెంగళూరు వెళ్ళినప్పుడు పిల్లల సామాన్లు అమ్మే పెద్ద షాపులోకి దర్జాగా నడిచాను.

అక్కడ ఒక అమ్మాయి ఎదురొచ్చింది. నా మాట విని తెలుగులోకి దిగింది.

"పాపకు వయసెంత సార్?"

"పది."

"ఎత్తు? బరువు?"

"ఐదో తరగతి" అన్నాను.

ఆ పిల్ల పాపం ఒక క్షణం ఆలోచించి, అరలోంచి చిన్న సీటొకటి తీసింది. "పెద్ద పిల్లలకు ఇది సార్. కూర్చునే ఎత్తు పెరుగుతాది, కారులో ఉండే బెల్టే భుజం మీదికి సరిగ్గా వస్తాది. అంతే."

నాకు నవ్వొచ్చింది. "ఇంతకంటే మంచి పీట మీద కూర్చుని మా అమ్మ అవరేకాయలు ఒలుస్తాది తల్లీ. ఆ పెద్దది చూపించు."

పెద్దది అంటే నిజంగా పెద్దదే. ఎత్తైన వీపు, తలకు రెండు పక్కలా చెవుల్లాంటి దిండ్లు, భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య నుంచి ఒకటి. అన్నీ వచ్చి పొట్ట మీద ఒక బకిల్లో కలుస్తాయి. దాని మధ్యలో ఎర్రటి బటను.

"అది నాలుగేళ్ళ లోపు పిల్లలకు సార్."

"నాలుగేళ్ళ బిడ్డకే ఇంత పెద్దదైతే పదేళ్ళ బిడ్డకు ఇంకా పెద్దది కావల్ల కదా?"

"లేదు సార్, చిన్నపిల్లలకే పెద్ద సీటు. పెద్దపిల్లలకు చిన్న సీటు చాలు."

ఈ అమ్మాయికి వ్యాపారం రాదని అప్పుడే తేల్చుకున్నాను. మా ఇంట్లో ఏది కొన్నా పెరిగే బిడ్డని చూసుకుని పెద్దదే కొంటాం. నందిని యూనిఫారం కుట్టిస్తే మూడేళ్ళు మడతలు విప్పుకుంటూ వస్తాం. బూట్లలో మొదటి సంవత్సరం దూది, రెండో సంవత్సరం కాళ్ళు. పైగా నేను అంగడివాణ్ణి. రెండు సీట్లనూ చెరో చేత్తో ఎత్తి చూశాను. బరువున్నదే సరుకు. ఆ అమ్మాయి చివరిగా, "పట్టీలు ఎట్ల కట్టల్ల, ఎట్ల ఇప్పల్ల చూపిస్తాను సార్" అంది.

"కట్టేది చూపించు చాలు. ఇప్పేదానికేముంది, మేం చూసుకుంటాం."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఈ జన్మలో మరచిపోలేను.

శుక్రవారం ఇంట్లో సీటుకు పూజ. కొత్త వస్తువు, అందులో బిడ్డ కూర్చునేది, పూజ లేకుండా ఎట్లా? మా అమ్మ కర్పూరం వెలిగించి, "ఒక చుక్క గంధం పెట్టప్పా" అంది. చుక్క. ఆమె అన్నది చుక్కే. కానీ ఆ ఎర్ర బటను నా కళ్ళకు బొట్టు కోసం ఎదురుచూస్తున్న నుదురులా కనబడింది. బొటనవేలు నిండా గంధం తీసుకుని దాని మీద అద్దాను. పట్టీలు దూరే సందుల్లోకి కారితే, శుభం, లోపలికి కూడా వెళ్ళిందనుకున్నాను. దాని మీద కుంకుమ. శని, ఆదివారాలు అది హాయిగా ఆరింది.

సోమవారం పొద్దున ఏడింటికి నందినిని అందులో కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాను అనడం తప్పు, దూర్చాను. తల దిండ్ల పైకి వచ్చింది, మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి.

"నాన్నా, ఇది ఇరుకు."

"కొత్తది కదమ్మా, వదులైతాది. ఊపిరి బిగబట్టు."

బిగబట్టింది. టక్కుమంది. ఆ శబ్దం విని నేను మురిసిపోయాను.

శిడ్లఘట్ట దాటి చిక్కబళ్ళాపురం మైదానం చేరేసరికి ఎనిమిదిన్నర. దిగి, వెనక తలుపు తీసి, ఎర్ర బటను నొక్కాను. కదల్లేదు. రెండు బొటనవేళ్ళతో నొక్కాను. గోడను నొక్కినట్టుంది. మా ఆవిడ నొక్కింది. పక్క కారు డ్రైవరు నొక్కాడు.

"నీళ్ళు పోస్తే నానుతాదేమో" అంది మా ఆవిడ. పోశాం. గంధం నానలేదు గానీ నందిని నానింది. పట్టీలు వదులు చేద్దామంటే, అవి ముందే ఆఖరిదాకా లాగేసి ఉన్నాయి. సీటుతో సహా బిడ్డను ఎత్తి బయట గడ్డిమీద పెట్టాం. జనం మూగారు. తడిసిన కుంకుమ, ఎత్తైన వీపు, మధ్యలో కదలకుండా కూర్చున్న పిల్ల. ఎవరో పెద్దావిడ ఏమనుకుందో ఏమో, దండం పెట్టుకుని పోయింది.

అప్పుడు వచ్చింది నందిని పీటీ మేడమ్. సీటునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏమప్పా, పరిగెత్తేదానికి పిలిస్తే పల్లకీలో తెచ్చినారా?"

"బకిల్ రావడంలేదు మేడమ్. ఒక్క నిమిషం."

"నిమిషం యాడుండాది? దీనిదే మొదటి పందెం."

నిజంగానే మైకులో పిలుపు మొదలైంది. "నూరు మీటర్ ఓట, హుడుగియరు, బేగ బన్ని." నూరు మీటర్ల పరుగు ఆడపిల్లల్ని త్వరగా రమ్మని కన్నడంలో పిలుస్తున్నారు. హెయిర్‌పిన్నుతో గంధం గోకాను, పిన్ను విరిగింది. మేడమ్ ఇక ఆగలేదు. గేటు దగ్గర ఎలనీళ్ళు, అంటే కొబ్బరిబోండాలు, అమ్మే ఆమెను కేకేసింది. ఆమె మచ్చుకత్తితో వచ్చింది.

"యాడ కోయల్ల?" అంది, కాయ గురించి అడిగినట్టే.

"పట్టీలు కోసెయ్యమ్మా" అంది మేడమ్.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెయ్యి అడ్డం పెట్టాను. "మేడమ్, గురువారమే కొన్నాను. ఇంకొక్కసారి నొక్కి చూస్తాను" అన్నాను. నా నోటినుంచే వచ్చిందా మాట అని నాకే దిమ్మతిరిగింది.

నందిని అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు. మైదానం వైపు చూస్తూ మెల్లగా అంది. "నాన్నా, వాళ్ళు గీత మీద నిలబడేసినారు."

నా చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. "కోసెయ్యమ్మా, అన్నీ కోసెయ్" అన్నాను. ఆమె కత్తి మొన లోపలికి పెట్టి, బిడ్డ వైపు తన చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కో పట్టీనీ బయటికి లాగి కోసింది. ఆఖరి పట్టీ తెగిందో లేదో సీటు ఖాళీ.

నందిని గీత దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఆగకుండా పందెంలో కూడా పరుగెత్తేసింది. అంటే నూరు మీటర్ల పందేనికి అది ఇంచుమించు రెండు నూర్లు పరిగెత్తింది. తడి బట్టలు, భుజాల మీద పట్టీల అచ్చులు, ఒక చెంపకు కుంకుమ. అయినా రెండోదిగా వచ్చింది. మొదటి ఇద్దరినీ పై పోటీకి తీసుకున్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను సీటు వెనక నిలబడి తుడుచుకున్నాను.

ఆ ఆదివారం రమేశు స్వీటు డబ్బాతో వచ్చాడు. వరండాలో మా అమ్మ అవరేకాయలు వలుస్తూ ఉంది. వాడు గడపలోనే ఆగిపోయాడు.

"బావా, నందిని కారు సీటు మీద అత్త ఏంటికి కూర్చోని ఉండాది?"

మా అమ్మ కింద ఉన్న పీటను నేను వంగి చూశాను.

"ఏది కారు సీటు?" అన్నాను, తెలిసిపోయాక కూడా.

"అదే బావా, నేనే కదా తెచ్చిచ్చింది. దాని మీద కూర్చోబెట్టమనే కదా అక్కకు ఫోను చేసి చెప్తిని."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. మా అమ్మ మాత్రం తల కూడా ఎత్తలేదు. "నేను లేసేది లేదు. నా మోకాళ్ళకు ఇది బాగుండాది. బిడ్డకు ఇంకోటి తెచ్చుకోండి" అంది.

తెచ్చుకున్నాం. మళ్ళీ అదే షాపు, అదే అమ్మాయి. ఈసారి నందినిని తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, బెల్టు భుజం మీదికి వచ్చిందో లేదో చూసి మరీ కొన్నాం. "పెద్ద సీటు ఎట్లుండాది సార్?" అని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది. బాగుందమ్మా అన్నాను. అబద్ధమేమీ కాదు. గోడౌన్లో పడేస్తే అందులో పిల్లి ఈనింది. నాలుగు కూనలు, అందరూ నాలుగేళ్ళ లోపువాళ్ళే.

ఇంటికొచ్చాక నందిని నన్ను నిలబెట్టి, బళ్ళో ప్రార్థనప్పుడు చేసినట్టు కుడిచెయ్యి ముందుకు చాపించింది. అది చెప్పింది చెప్పినట్టు నేను చెప్పాను. కూర్చునేవాళ్ళు లేకుండా సీటు కొనను. బామ్మర్దిని అడగడానికి సిగ్గుపడను. గంధం చుక్క అంటే చుక్కే పెడతాను. అయిపోయింది కదా అని చెయ్యి దించబోయాను.

"ఇంకోటుండాది నాన్నా" అంది. "ఇప్పేది నేర్చుకోకుండా ఎవరినీ కట్టను."

చెయ్యి మళ్ళీ చాపి, ఆ మాట రెండుసార్లు చెప్పాను.