ఆసుపత్రి ఫైర్‌వాల్‌కి మేం పెట్టిన పరీక్ష

2023 వేసవి. విజయనగరంలో కంప్యూటర్ నెట్‌వర్క్‌లు చూసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మాకు పాత కస్టమర్. పెద్దదేమీ కాదు గానీ, డయాలసిస్ విభాగం ఉండడం వల్ల కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి రోగులు ఎప్పుడూ వస్తూండేవారు. ఆ ఆసుపత్రి ఫైర్‌వాల్‌ని ఒక సెక్యూరిటీ టెస్టింగ్ ప్లాట్‌ఫామ్‌కి కలిపే పని నాకు అప్పగించారు. మా వృత్తిలో ఇది మామూలు పనే. ఈ ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాలో చేదుగా మిగిలిపోయింది.

ఫైర్‌వాల్ అంటే ఆసుపత్రి కంప్యూటర్లకీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య కూర్చునే పెట్టె. దానిలో మనం రూల్స్ రాస్తాం. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది ఆ రూల్స్‌ని పైనుంచి కిందకి చదువుకుంటూ అది తేలుస్తుంది. మొదట ఏ రూల్ సరిపోతే అదే చెల్లుతుంది, కిందవాటిని ఇక చూడదు. టెస్టింగ్ ప్లాట్‌ఫామ్ పని వేరు. దొంగలు వాడే పద్ధతులనే హాని లేకుండా వాడి, తలుపులు గట్టిగా ఉన్నాయో లేదో తోసి చూస్తుంది. ఫైర్‌వాల్‌ని దానికి కలిపితే, తోసిన ప్రతిసారీ ‘నన్ను ఆపావా, చూసి వదిలేశావా, అసలు చూడనే లేదా’ అని ఫైర్‌వాల్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఆపినవి పచ్చగా, వదిలేసినవి ఎర్రగా చూపిస్తుంది.

ఆసుపత్రిలో కంప్యూటర్ల వ్యవహారమంతా సింహాచలం గారు చూసేవారు. కళింగపట్నం మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఎంసీఏ చదివి, విశాఖలో కొన్నాళ్లు చేసి, సొంత ప్రాంతానికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ చేరారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా ఆయన్నే పిలిచేవారు, సర్వర్ ఆగినా ఆయన్నే పిలిచేవారు. నన్ను మొదటిరోజు నుంచీ సొంత చెల్లెల్ని పిలిచినట్టు ‘సెల్లీ’ అనేవారు.

కలపడం తేలిగ్గానే మొదలైంది. ప్లాట్‌ఫామ్ కోసం ఫైర్‌వాల్‌లో ఒక ప్రత్యేక ఖాతా తెరిచాను. అది చదవగలదు గానీ ఏదీ మార్చలేదు. ఆ ఖాతాకి ఏపీఐ కీ తీశాను. ఒక యంత్రం ఇంకో యంత్రంతో మాట్లాడడానికి వాడే తాళంచెవి లాంటిది అది. తీరా పరీక్ష నడిపితే ప్లాట్‌ఫామ్ ఏ ఒక్క దాడికీ ఫైర్‌వాల్ జవాబు దొరకడం లేదంది. సింహాచలం గారూ నేనూ తలపట్టుకుని వెతికాం. చివరికి చూస్తే ఫైర్‌వాల్ గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది. ఎవరూ దానికి భారత కాలమానం పెట్టలేదు. ఇప్పుడు జరిగినదాన్ని అది తెల్లారకముందు జరిగినట్టు రాసుకుంటోంది.

“ఇన్నాళ్లూ ఇది లండన్‌లో బతుకుతన్నాదేటి!” అని సింహాచలం గారు గట్టిగా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూసింది అదే చివరిసారి.

గడియారం సరిచేసి మళ్లీ నడిపాక తెర నిండా ఎరుపు. కారణం వెతకనక్కర్లేకపోయింది. రూల్స్‌లో అన్నిటికన్నా పైన ఒకటుంది. స్కానింగ్ మిషన్ కంప్యూటర్‌లోకి ప్రపంచంలో ఎక్కడినుంచైనా, ఎవరైనా రావచ్చు. మిషన్ అమ్మినవాళ్లు దూరం నుంచే రిపేర్లు చేసుకోవడానికి పెట్టించుకున్న దారి అది. ఆ కంప్యూటర్ నుంచి మిగతా అన్నిటికీ అడ్డు లేదు.

“తీసేద్దారని రెండు మాట్లు అడిగినాను సెల్లీ,” అన్నారు సింహాచలం గారు. “మిషన్ ఆగిపోతే నువ్వు బాగుసేస్తావేటి అని మేనేజరు గారు కేకలేసినాడు. మరి నోరెత్తలేదు.”

దారి పూర్తిగా మూయనక్కర్లేదు. మిషన్ కంపెనీ ఇంటర్నెట్ అడ్రసు ఒక్కదానికే తెరిచి, మిగతా లోకానికి మూసేస్తే చాలు. ఆ కంపెనీ వాళ్లు తమ అడ్రసు రాసి పంపాలి, మేనేజరు వాళ్లని గట్టిగా అడగాలి, అంతే. ఈ సంగతి చెప్పడానికి ఇద్దరం ఆయన గదికి వెళ్లాం.

మేనేజరుది శ్రీకాకుళంలో పేరున్న వ్యాపార కుటుంబం. ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరు గారికి దగ్గరి బంధువు. మంచినీళ్లు తెప్పించి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తెలివితక్కువ మనిషి కాదు. విన్నాక సింహాచలం గారిని ఏదో పని చెప్పి బయటికి పంపించాడు.

“నాణ్యత గుర్తింపు ఇచ్చే బృందం వస్తాది మనకి. ఈ ఎరుపు సూస్తే ఊరుకోరు,” అన్నాడు.

“అందుకేనండీ, సరిచేసుకుంటే...”

“కంపెనీ వోళ్లతో ఇప్పుడు తగువెందుకమ్మా? ఆళ్లు అడ్రసు ఇచ్చేసరికి పుణ్యకాలం దాటిపోద్ది. ఒకమాట సెప్పు. నీ పరీక్షలు ఏ అడ్రసు నుంచి వస్తాయో మాకు ముందే రాసిచ్చినారు కదా?”

“ఇచ్చామండీ. నిజం దాడేమోనని మీరు కంగారుపడకుండా, అది పద్ధతి.”

“ఆ అడ్రసొక్కటీ గుమ్మం దగ్గరే ఆపేస్తే? అన్నీ పచ్చగా వచ్చేస్తాయి కదేటి?”

నిజమే. వచ్చేస్తాయి. అన్నిటికంటే పైన ఒక రూల్ రాసి ఆ అడ్రసును ఆపితే పరీక్ష పెట్టేవాడు మాత్రమే ఆగిపోతాడు, అసలు దొంగకి దారి అలాగే ఉంటుంది. “సార్, ఇది కాపీ కొట్టడం కూడా కాదు. పరీక్ష పెట్టే మాస్టారిని గేటు బయట ఉంచి తాళం వేసుకోవడం. ఆ పని నేను చెయ్యనండీ,” అన్నాను.

ఆయన కోప్పడలేదు. “సరే, టీ తాగి వెల్లు,” అన్నాడు.

నేను బస్సులో విజయనగరం చేరేలోపే మా బాసుకి ఫోను వెళ్లింది. మర్నాడు నన్ను బొబ్బిలిలో ఒక కాలేజీ పనికి పంపించారు. “ఆసుపత్రి సంగతి ఇక నువ్వు చూడకు. కస్టమర్‌కి నీతులు చెప్పమని నిన్ను పంపలేదు,” అన్నారు బాసు.

ప్లాట్‌ఫామ్ వారానికోసారి పంపే ఫలితాల నుంచి మాత్రం నా మెయిల్ తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాతి వారం వచ్చినవి చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్క ఎర్ర చుక్క లేదు. నా అనుభవంలో ఏ ఫైర్‌వాల్‌కీ అలాంటి ఫలితం రాలేదు. సింహాచలం గారికి ఫోను చేశాను.

“నువ్వు సేయనన్నావు, వెల్లిపోనావు సెల్లీ,” అన్నారు. “నానెక్కడికి వెల్తాను? ఇక్కడే కూకోవాల కదా.”

“మేనేజరు గారిని రాతపూర్వకంగా ఇమ్మని అడగాల్సింది.”

“అడిగినాను. నా మాట నమ్మకం లేదేటి అన్నాడు. ఏటనమంటావు?”

బృందం వచ్చి వెళ్లింది. ఆసుపత్రికి గుర్తింపు వచ్చింది. గేటు మీద కొత్త బోర్డు కట్టారు. బోర్డు పక్కన మేనేజరు, పెద్ద డాక్టరు గారు, మా బాసు నిలబడిన ఫొటో మా ఆఫీసు గోడకి కూడా చేరింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే సింహాచలం గారి నుంచి ఫోను వచ్చింది. “అన్నీ పోనాయి సెల్లీ. ఏ కంప్యూటర్ తెరిసినా ఒకే బొమ్మ. డబ్బులిస్తేనే తెరుస్తారట.”

బాసుని అడగకుండానే బయల్దేరాను. నేను వెళ్లేసరికి ఆసుపత్రి వరండా కిక్కిరిసి ఉంది. రోగుల పాత రిపోర్టులు, మందుల వివరాలు, ఎవరికి ఎన్నిసార్లు డయాలసిస్ అయిందన్న లెక్కలు అన్నీ తాళం పడిపోయాయి. డయాలసిస్ మిషన్లకి ఏమీ కాలేదు, అవి తిరుగుతాయి. కానీ ఆరోగ్య పథకం అనుమతి ఆన్‌లైన్‌లో రావాలి, పాత రక్తపరీక్షలు చూడాలి. అవి లేకుండా మొదలుపెట్టమని చెప్పే బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోలేదు. రోగుల్ని విశాఖ పొమ్మన్నారు.

సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ సింహాచలం గారి చొక్కా పట్టుకుంది. వెనక బల్లమీద ఆమె భర్త కాళ్లు ఉబ్బిపోయి, ఆయాసపడుతూ కూర్చుని ఉన్నాడు.

“ఓ బావూ, కంప్యూటరు సచ్చిపోతే మా ఆయన్ని కూడా సచ్చిపొమ్మంటారేటి?”

“నేదమ్మా, విశాక తీసుకెల్తే...”

“విశాకెలగెల్తాం? ఎంత దూరం? ఈ మనిసిని సూడు, ఎలగున్నాడో సూడు!”

ఆమె చెయ్యి వదిలించుకోవడానికి సింహాచలం గారు ప్రయత్నించలేదు. తల వంచుకుని నిలబడ్డారు. ఎవరో వ్యాను మాట్లాడితే, నేనూ ఇంకో ఇద్దరూ పట్టి ఆమె భర్తని ఎక్కించాం. తర్వాత ఆయనకేమైందో నాకు తెలియదు. కనుక్కుందామని ఆసుపత్రిలో అడిగితే, పేరు లేకుండా ఎలా చెప్తామన్నారు. పేర్లన్నీ ఆ తాళం లోపలే ఉన్నాయి.

సింహాచలం గారితో కలిసి ఫైర్‌వాల్ ముందు కూర్చుని చూస్తే దారి స్పష్టంగా కనబడింది. స్కానింగ్ మిషన్ కోసం తెరిచిన ఆ గుమ్మం నుంచే వచ్చారు. మేం పరీక్షలో తోసి చూసిన తలుపే.

మూడోరోజున పెద్ద డాక్టరు గారు అందర్నీ కూర్చోబెట్టారు. మేనేజరు, మా బాసు, సింహాచలం గారు. నన్ను పిలవలేదు, నేనే వెళ్లి కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. మొదటి పరీక్షలో ఎరుపు వచ్చిందనీ, దారి మూయకుండా పరీక్షనే ఆపారనీ, అందువల్లే పచ్చగా వచ్చిందనీ.

పెద్ద డాక్టరు గారు సింహాచలం గారి వైపు తిరిగారు. “ఆ రూల్ ఎవరు రాశారు?”

“నానే రాసినానండి.”

“స్కానింగ్ మిషన్‌ది?”

“అదీ నానేనండి. మేనేజరు గారు సెప్తేనే...”

“నేను సెప్పినానా?” అన్నాడు మేనేజరు. గొంతు పెంచలేదు. “ఫైర్‌వాలంటే ఏటో నాకు తెలుసా సింహాచలం? ఎప్పుడు సెప్పినాను? ఎవరి ముందు సెప్పినాను?”

ఫైర్‌వాల్ ప్రతి మార్పునూ చేసినవాళ్ల పేరుతో రాసిపెట్టుకుంటుంది. చెప్పినవాళ్ల పేరు దానికి తెలియదు. ఆసుపత్రిలో దానిలోకి వెళ్లగలిగే ఖాతా ఒక్క సింహాచలం గారిదే.

“మేనేజరు గారు నన్నూ అడిగారు సార్,” అన్నాను పెద్ద డాక్టరు గారితో. “అదే పని చేయమని, ఈయన గదిలోనే, నన్ను అడిగారు. చేయనన్నాను.”

అప్పుడు మా బాసు సర్దుకుని కూర్చుని, చిరునవ్వుతో అన్నారు. “మా సుజాత మంచి వర్కరే సార్. కానీ చిన్నపిల్ల. ఏదో మాట ఏదోలా విన్నట్టుంది. మేనేజరు గారు ఊరికే అడిగుంటారు, ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని.”

ఆఫీసులో బాసు పక్క కుర్చీలో నేను మూడేళ్లు కూర్చున్నాను. ఆ మాట విన్నాక ఇక ఆ పక్కన కూర్చోలేననిపించింది. ఆ వారమే రాజీనామా ఇచ్చాను. ఉండమని ఎవరూ అనలేదు. సింహాచలం గారిని ఆ మీటింగ్ జరిగిన రోజే ఉద్యోగంలోంచి పంపేశారు. ఆయన అజాగ్రత్త వల్లే నష్టం జరిగిందని చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ తెలిసిపోయింది. ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు. మళ్లీ ఏ ఆసుపత్రిలోనూ ఆయనకి ఉద్యోగం దొరకలేదు.

ఏడాది తర్వాత శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌లో కనబడ్డారు. భుజాన వైర్ల చుట్ట, చేతిలో డ్రిల్లింగ్ మిషన్. షాపులకి సీసీ కెమెరాలు బిగిస్తున్నానన్నారు. బక్కచిక్కిపోయారు. “నేను ఆరోజు ఇంకా గట్టిగా చెప్పుంటే బాగుండేదేమో,” అన్నాను.

“నువ్వు సెప్పాల్సింది సెప్పినావు,” అన్నారు. “నా వైపు మాటాడింది నువ్వొక్కర్తివే. ఆ మాట మా ఇంట్లో కూడా సెప్పినాను. గాని సెల్లీ, దానివల్ల నాకేటీ కాలేదు. అంతే. నీ మీద కోపం నేదు. అలగని సంతోసమూ నేదు.”

నరసన్నపేట బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ఇంకా పెద్ద ఫైర్‌వాల్ ఉంది. దాన్నీ అదే ప్లాట్‌ఫామ్‌కి కలిపారని, ఆ పని మా పాత సంస్థే చేసిందని విన్నాను. మేనేజరు ఇప్పుడు డైరెక్టరు.

నేను సొంతంగా పనులు చేసుకుంటున్నాను. ఆ కేసు నాకు నేర్పింది సాంకేతిక విద్య కాదు, అది నాకు ముందే వచ్చు; నేర్పింది రెండు జాగ్రత్తలు. పరీక్షలు వచ్చే అడ్రసుల్ని ఇప్పుడు తరచూ మారుస్తాను, కొన్నిటిని పై అధికారికి తప్ప ఎవరికీ చెప్పను. రెండోది, పని చేయించుకునేవాళ్లకి నచ్చనిది. ఏదైనా దారి తెరవాలని ఎవరు చెప్తే వాళ్ల పేరుతోనే ఖాతా తెరిచి, మార్పుని అమల్లోకి తెచ్చే ఆఖరి బటన్ వాళ్లతోనే నొక్కిస్తాను. దీనివల్ల కొన్ని పనులు చేజారాయి.

మొన్న బొబ్బిలిలో ఒక మిల్లు యజమాని ఆఫీసులో కూర్చున్నాను. ఇంటినుంచే మిల్లు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి దారి అడిగాడు. జాగ్రత్తలన్నీ పెట్టి, లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, “మీ పేరుతో మీరే నొక్కండి,” అన్నాను.

“నానెందుకమ్మా, నువ్వే నొక్కీ. నానే సెప్పినానని నీకు తెలుసు కదా. ఆ మాత్రం నమ్మకం నేదేటి మనుసుల మీద?” అన్నాడు నవ్వుతూ.

“లేదండీ,” అన్నాను.