స్వీటు డబ్బాలోని ఫైలు, మార్చి నెల పేర్లు

1998 మార్చి 11, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, దుమ్ముగూడెం దాటిన ఒక ఊరి దవాఖానాలో నా ప్రోగ్రాము తెరుచుకోనన్నది. మందుల నిల్వ చూసుకోవడానికి నేను రాసిచ్చిన ప్రోగ్రాము అది. ఫలానా డీఎల్ఎల్ పాతదని, కొత్త వెర్షన్ కావాలని తెర మీద ఒక్క వాక్యం. డీఎల్ఎల్ అంటే పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఫైలు. ఖమ్మంలో నా కంప్యూటరులో కొత్తది ఉండనే ఉంది కనుక, ఫ్లాపీలలో దానిని చేర్చాలన్న ఆలోచనే నాకు రాలేదు.

వెంట వచ్చిన మా షాపు యజమాని సంచిలోంచి స్వీటు డబ్బా తీశాడు. రిపేరుకు వెళ్లిన ప్రతిచోటా అక్కడి డీఎల్ఎల్‌లను ఫ్లాపీలకు ఎత్తుకొచ్చి అందులో పోగుచేసేవాడు. ఏది ఏ వెర్షనో రాసుకునేవాడు కాడు. ఆ డబ్బాను చూస్తేనే నాకు రోత. ఆనాడు దానికే చేయి చాచాను.

"సార్, నా జ్వరాల రిజిస్టరుకేం గాదు గద?" అని హెల్త్ అసిస్టెంట్ అడిగాడు. మలేరియా తేలినవారి పేర్లను రెండేళ్లుగా మరో పాత ప్రోగ్రాములో ఆయనే ఎక్కిస్తున్నాడు. ఎవరికి ఇంకా మాత్రలు అందాలో అందులో చూసుకునే ఊళ్లకు బయలుదేరేవాడు.

"ఏం కాదు" అన్నాను.

ఉన్న ఫైలును తీసేసి దీనిని పెట్టమంటారా అని కంప్యూటరు అడిగింది.

"ఎస్ కొట్టండి మాస్టారూ! పెళ్లిచూపుల్లో మేనత్తలాగా అది అడుగుతూనే ఉంటుంది" అన్నాడు యజమాని.

కొట్టాను. ప్రతి ఫైలు తేదీ, సైజు నోటుబుక్కులో ఎక్కించే నేను, ఆ పాత ఫైలు వివరం రాసుకోకుండానే కొట్టాను.

నా ప్రోగ్రాము తెరుచుకుంది. హెల్త్ అసిస్టెంట్ తన రిజిస్టరు తెరిచి, ఆనాటి పేరు ఒకటి చేర్చి సేవ్ చేశాడు.

"ఏంది సార్ గిట్లయింది? మార్చి మొత్తం తెల్లగున్నది!"

"పేర్లు రాసుకొచ్చిన స్లిప్పులు ఉంటాయి కదా?" అని అడిగాను.

"ఏడున్నయ్ సార్? ఎక్కించినంక ఆ కాగితాలల్లనే మాత్రలు పొట్లాలు కట్టిస్తిమి."

యజమాని గడియారం చూశాడు. "మనది నడుస్తోందిగా, పదండి. బస్సు పోతుంది."

ఆయన మీద కలిగిన ఏవగింపు కన్నా నా మీద కలిగినదే ఎక్కువ. ఆయన ఒక్కడే వెళ్లాడు. నేను తీసేసిన ఫైలునే రిజిస్టరు ప్రోగ్రామూ వాడుకుంటోంది; కొత్తది దానికి పడలేదు. మందుల బీరువాలో ఆ పాత ప్రోగ్రాము అసలు ఫ్లాపీలు దొరికాయి. వాటిలోని డీఎల్ఎల్‌ను దాని చోట తిరిగి పెట్టి, డబ్బాలోని దానిని నా ప్రోగ్రాము ఫోల్డరులో మాత్రమే ఉంచాను. దేనిది దానికి. రెండూ 2.40కి తెరుచుకున్నాయి. ఇంత చిన్న పని 10.20కే చేసి ఉండవచ్చు. మార్చి మాత్రం తెల్లగానే మిగిలింది.

మర్నాటి నుంచి ఆరు రోజులు హెల్త్ అసిస్టెంట్ సైకిలు వెనుక కూర్చుని ఊరూరా తిరిగాను. ప్రతి గడప ముందూ ఆయనది ఒకటే ప్రశ్న: "అవ్వా, మాత్రల పొట్లం కాగితమున్నదా?" ఒకరి మాత్రలు చుట్టిన కాగితం మీద మరొకరి పేరు. కొన్ని పొయ్యిలో పడ్డాయి, కొన్ని చూరులో దొరికాయి.

లెక్క మాత్రమే రాసే దవాఖానా ల్యాబు బోర్డు ప్రకారం మార్చి పేర్లు నలభై మూడు. పొట్లాల మీద దొరికినవి ఇరవై తొమ్మిది. ఆయనకు గుర్తున్నవి ఎనిమిది. దొరకనివి ఆరు.