కొక్కేనికి మిగిలిన బిళ్ళ

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్‌కి ఏళ్ళ తరబడి ఒకటే పద్ధతి. టీచర్ బోర్డు మీద రెండు కొండల మధ్య సూర్యుణ్ణి వేస్తుంది, క్లాసంతా అదే సూర్యుణ్ణి వేస్తుంది. నేనూ ఆ సూర్యుణ్ణి వేసే పెద్దదాన్నయ్యాను. అదే బడిలో ఉద్యోగం వచ్చాక వేయించాను కూడా. చివరికి నాకే విసుగొచ్చింది.

గదిని మూలలుగా విడగొట్టాను. మట్టికొకటి, రంగులకొకటి, గుడ్డకీ దారానికీ ఒకటి. పని ఎలా మొదలుపెట్టాలో మా వంటింటి బల్ల మీద చేసి, నా చేతులనే ఫోన్‌తో వీడియో తీసి, ఒక్కో మూలలో పెట్టిన ట్యాబ్లెట్‌లోకి ఎక్కించాను. పిల్లలు తమకి నచ్చిన మూలకి వెళ్ళి చూస్తారు, ఆపుతారు, వెనక్కి తిప్పుకుంటారు. నేను తిరుగుతూ, చిక్కుపడ్డవాళ్ళ పక్కన కూర్చుంటాను. అదీ నా పథకం.

మొదట్లో కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే అయింది. అందరూ మట్టి మూలకే ఎగబడ్డారు. వీడియో వదిలేసి ఒకరి మొహాలు ఒకరు ఫొటోలు తీసుకున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ గుమ్మంలో నిలబడి అంతా చూశారు. పిల్లల బొమ్మల ప్రదర్శన రోజు దాకా ఆగుతాననీ, అప్పటికీ పిల్లలు నేర్చుకుంటున్నట్టు కనిపించకపోతే ట్యాబ్లెట్లు కంప్యూటర్ గదికి, నేను మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళాలనీ చెప్పారు. ఆవిడ మాటలో తప్పు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం కార్మికుల బస్తీ అయిన క్యాంప్ 1లో మా నాన్న దగ్గర అదంతా వెళ్ళగక్కాను. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, ఉక్కు ప్లాంటు మిల్లులో రిటైరైన మనిషి. ఓదార్చడం ఆయనకి చేతకాదు.

“ఎవులు ఎక్కడున్నారో నీకే తెల్దు. ఇలాగైతే మిల్లు నడవదమ్మా, సంత నడుస్తాది. బిల్లల బోర్డు పెట్టు,” అన్నాడు.

ఆయన మిల్లులో లోపలికి వెళ్ళే ప్రతివాడూ తన ఇత్తడి బిళ్ళని పనిచోటు కొక్కేనికి తగిలించేవాడు, షిఫ్టు దిగేటప్పుడు తీసుకునేవాడు. నేను మూలకిన్ని కొక్కేల చొప్పున ఒక బోర్డు పెట్టి, చెక్క బిళ్ళల మీద పిల్లల పేర్లు రాశాను. మట్టి కొక్కేలు నిండిపోతే ఇంకో మూల చూసుకోవాలి. వెళ్ళేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి డబ్బాలో వేయాలి. దాంతో గది దారికొచ్చింది. నాన్న పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నానని తోటి టీచర్లు ఆటపట్టించారు. కాయలు బాగున్నప్పుడు అమ్ముకోక ఏం చేస్తాను?

ప్రదర్శన రోజు నాన్న కూడా వచ్చాడు. మేడమ్ ఒక్కో బొమ్మా చూసి, “అన్నీ బాగున్నాయి. కానీ మీరు చేయించారా, వాళ్ళు నేర్చుకున్నారా? నాకెలా తెలుస్తుంది?” అని అడిగారు. నేను జవాబు చెప్పేలోగా గంట కొట్టారు, పిల్లలు బస్సుల వైపు పరుగెత్తారు. సోమవారం మాట్లాడుకుందామని మేడమ్ అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

నాన్న బోర్డు దగ్గరే నిలబడిపోయాడు. మట్టి కొక్కేనికి ఒక బిళ్ళ వేలాడుతోంది.

“ఎవులదమ్మా ఇది?”

“మర్చిపోయి వెళ్ళిపోయి ఉంటుంది నాన్నా.”

“మర్సిపోనాదని గేటు దాటేస్తావేటి? బిల్ల ఉందంటే మనిషి లోపలున్నట్టే. ఎతుకు.”

మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికే మూలిగే మనిషి, వంగి బల్లల కింద చూడటం మొదలుపెట్టాడు. తెలుగు రాని మేడమ్‌కి ఏం జరుగుతోందో చెప్పాల్సి వచ్చింది. ఆవిడా ఆగారు. బొమ్మలు ఆరబెట్టే అలమర వెనక నుంచి సన్నగా గొంతు వినిపించింది.

క్లాసులో నోరు విప్పని ఏడో తరగతి పిల్ల. ట్యాబ్లెట్‌ని బకెట్‌కి ఆనించి, నేల మీద కూర్చుని, తన చేతులని తనే వీడియో తీసుకుంటోంది. హిందీలో చెబుతోంది: “దేఖో, ఏనుగు చెవి అతికించేటప్పుడు వీడియోలో మన టీచర్ చెయ్యి అడ్డొచ్చింది. అందుకే నాది ఊడిపోయింది. చెవికొక్కదానికే గీతలు గీస్తే చాలదు, తలకీ దువ్వెనతో గీయాలి. చిక్కటి మట్టినీళ్ళు రాసి అప్పుడు నొక్కాలి. ఇది నిన్న అతికించింది.”

ఆరిన ఏనుగుని చెవి పట్టుకుని పైకెత్తింది. ఊడలేదు.

“ఎవరి కోసం బేటా ఇది?” అని మేడమ్ అడిగారు.

పిల్ల గతుక్కుమంది. “సోమవారం మట్టికొచ్చేవాళ్ళ కోసం, మేడమ్.”

ఆవిడ ఆ ఏనుగుని అందుకుని, తనూ చెవి పట్టుకుని ఎత్తి చూశారు. “ట్యాబ్లెట్లు ఇక్కడే ఉండనివ్వండి,” అని నాతో చెప్పి వెళ్ళిపోయారు.

పిల్ల సంచీ తగిలించుకుని, బిళ్ళ తీసి డబ్బాలో వేసి వెళ్ళింది. నాన్న ఖాళీ బోర్డుని ఒకసారి పైనుంచి కింది దాకా చూశాడు.

“షిఫ్టు బాగా నడుపుతున్నావమ్మా,” అన్నాడు.

ఆయన నోట ఆ మాట అంతకుముందు ఒక్కసారే విన్నాను, ఆయన ఫోర్‌మన్ గురించి. అదీ ఆ మనిషి పోయాక.