ఉస్తాద్ నేర్పిన మాఫీ

రియాద్ శివార్లలోని పాత మట్టి ఇళ్ల పేటలో ఒక ఇంటిని చెక్కడం నేర్పే బడిగా మార్చారు. గోడకు పూసిన జిప్సం ఆరకముందే కత్తితో పువ్వులూ చుక్కలూ తీయడం అక్కడి పాత పనితనం. హైదరాబాద్‌లో బొమ్మల డిగ్రీ చేసి, ఇంట్లో అందరితో పోట్లాడి, అది నేర్చుకోవడానికి వెళ్లాను. నా అంత కళాకారుడు ఆ ఎడారిలో ఉండడని గట్టి నమ్మకం.

మొదటి వారమే మా ఉస్తాద్ నేను చెక్కిన జిప్సం పలకను వెలుతురుకు ఎత్తి చూశాడు. వేళ్లు వంకర తిరిగిపోయిన ముసలాయన.

"మాఫీ," అన్నాడు.

మన దగ్గర మాఫీ అంటే క్షమించడమే కదా! తప్పులున్నా పోనీలే అన్నాడనుకుని, రెండు చేతులూ జోడించి, కృతజ్ఞతగా "షుక్రన్" అన్నాను. ఆయన పలకను నేల మీదికి వదిలేశాడు. ముక్కలైంది. తరగతంతా పగలబడి నవ్వింది.

ఆ ముక్కలు ఊడుస్తున్న మనిషి తలెత్తకుండా తెలుగులో అన్నాడు: "గది మన మాఫీ గాదు తమ్మీ. అరబ్బీల మాఫీ అంటే లేదని. నీ చేతిల ఏం లేదన్నడు."

జగిత్యాల వైపు మనిషి. బడి పెట్టినప్పటి నుంచీ అక్కడ బస్తాలు మోస్తున్నాడు, జిప్సం కలుపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఊడ్చేవాడు నాకు అర్థం చెప్పడమా! అదీ అప్పటి నా సంస్కారం.

కానీ ఆ తర్వాత నన్ను బతికించింది అతనే. నా పలకలు రోజూ పగిలేవి, అతను రోజూ ఊడ్చేవాడు. శుక్రవారం మనవాళ్లంతా చేరే బతా బజారుకు తీసుకెళ్లి, మెస్‌లో పప్పన్నం పెట్టించి, "ఇంక కొంచెం తిను, బక్కగైతున్నవ్" అనేవాడు. ఒకసారి అక్కడ నా తోటి విద్యార్థి ఎదురై, అతన్ని చూపించి, మీవాడా అని అడిగాడు. మా దేశపు కూలీ అన్నాను. ఇంగ్లీషులో అన్నాను కాబట్టి, పక్కనే ఉన్నా అతనికి అర్థం కాలేదని అనుకున్నాను.

ఆరు నెలలకు పరీక్ష పలక వచ్చింది. అది నిలవకపోతే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. నాది అంతా అయింది, ఒక్క మూల తప్ప. అక్కడ చుక్క చుట్టూ పువ్వు రావాలి. రేకు తిరగడం లేదు, జిప్సం బిగుసుకుపోతోంది. అందరూ నమాజుకు వెళ్లారు. ఏడుపొక్కటే తక్కువ.

"జరుగు," అని ఆ జగిత్యాల మనిషి చీపురు పక్కన పెట్టి, బొటనవేలితో తడి చూసి, నా కత్తి తీసుకున్నాడు. పువ్వు అలా విచ్చుకుంటూ పోయింది. ఒక్క రేకు దగ్గర కూడా ఆగలేదు. నిజం చెప్పాలంటే, అసూయతో చచ్చిపోయాను.

"ఎక్కడ నేర్చుకున్నావన్నా?"

"కలిపేటోనికి దాని సంగతి తెల్వదా? సూసి సూసి వచ్చింది." కత్తి తుడిచి ఇచ్చాడు. "ఒక్క మాట తమ్మీ. అకామ కార్డు మీద నన్ను లేబర్ అని రాసిండ్రు. నేను జెప్తే ఎవడింటడు? నువ్వు ఉస్తాద్‌కు జెప్పు, వీనికి కత్తి పట్టొస్తదని. నడుం పోయింది, ఇంక బస్తాలు మొయ్యలేను."

"తప్పకుండా చెప్తానన్నా," అన్నాను. ఒట్టు కూడా వేశాను.

మర్నాడు పొద్దున ఉస్తాద్ నా పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ మూల మీదే వేలు పెట్టాడు. పాత ఇళ్లు బాగుచేయడానికి తనకు ఇలాంటి చెయ్యి కావాలన్నాడు. నా మొహంలోకి చూసి, దీని మీద ఇంకెవరి చెయ్యైనా పడిందా అని అడిగాడు.

అతను నా వెనకే చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మూల తీసేస్తే నా పలకలో మిగిలేదేమిటో నాకు తెలుసు.

"మాఫీ," అన్నాను.

ఉస్తాద్ నా భుజం తట్టాడు. నేను పాసయ్యాను. సిగ్గు లేకుండా నవ్వాను కూడా.

మధ్యాహ్నం పెరట్లో అతను బస్తాలు దించుతుంటే వెళ్లాను. "తప్పయిపోయిందన్నా. గుండె ఆగినంత పనై అలా అనేశాను. నన్ను క్షమించు," అన్నాను.

అతను బస్తా కట్టు విప్పుతూనే, "మాఫీ," అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. మొదటిసారి లాగే చేతులు రెండూ జోడించాను.

అప్పుడు తలెత్తి చూశాడు. "నువ్వు పొద్దున జెప్పినవ్ సూడు, గా మాఫీ," అన్నాడు.

తమ్మీ అనలేదు.