మా వాడ కుర్చీ

సారు పోయారని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చేసరికి అమ్మ బీడీలు చుడుతోంది. కత్తెర పక్కన పెట్టి, "ఎవలు బిడ్డా, మన కుర్చీ సారా?" అంది. బడిలో ఆయన లెక్కల సారు. మా ఇంట్లో మాత్రం కుర్చీ సారే.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నాన్న పోయాక, మల్లాపూర్ దగ్గరి మా ఊళ్లో కారే పెంకుల కింద అమ్మా నేనూ ఉండేవాళ్లం. పేదలెవరో తేల్చడానికి ఇంటింటి సర్వే పెట్టి, మా వాడను సారుకు అప్పగించారు. జాబితాలో పేరు పడితేనే సర్కారు ఇల్లొస్తుందని అందరూ అనుకున్నారు.

కానీ సారు ఇంటికొస్తుంటే మా అమ్మ ఊరుకుంటుందా! ఇల్లు అలికింది. పక్కింటి దుబాయోళ్ల ఎర్ర కుర్చీ, టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టింది.

"గీ ఫ్యాను మీదేనా చెల్లె?"

"మాదే సారూ," అంది అమ్మ ధీమాగా. నిజం చెబితే అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే ఇల్లు పోతుంది. సారు ఏమీ రాయకుండానే చాయ్ తాగి వెళ్లారు.

మర్నాడు చెప్పకుండా వచ్చారు. అమ్మ పక్కింటికి ఉరకబోయింది.

"ఆగు చెల్లె! గా చెయ్యి విరిగిన ఎర్ర కుర్చీ నాకన్న ముందే వాడంత తిరుగుతున్నది. నాలుగిండ్లల్ల గదాని మీదనే కూసున్న. నిన్న చుట్టంలెక్క వచ్చిన, ఇయ్యాల రాసుకుంట," అంటూ పొయ్యి పక్కన నేల మీదే కూర్చున్నారు.

అమ్మ ఏడ్చేసింది. "లేదని చెప్పుకుందామంటే నోరొస్తలేదు సారూ."

"నువ్వు చెప్పకు, నేను చూస్తున్న గద. రేపు తెలంగాణ వచ్చినా, గీ కాయితంల లేనోళ్లను ఎవలు చూస్తరు?"

ఆ నాలుగిళ్లకూ మళ్లీ తిరిగి, ఉన్నది ఉన్నట్టు రాశారు. ఎవరినీ చిన్నబుచ్చలేదు. ఆ మనిషి ఓపికకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఆలస్యంగానైనా మాకు ఇల్లొచ్చింది. జగిత్యాలలో నర్సుగా చేరాక మొదటి జీతంతో కుర్చీలు కొన్నాను. సారు వచ్చి, కూర్చోబోతూ ఆగారు. "గిది ఎవలింటిది చెల్లె?"

"ఒట్టు సారూ, గీసారి మాదే!" ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

నిన్న కోరుట్లలో సారు వాకిట్లో టెంటు వేసి, వరసగా కుర్చీలు వేశారు. ఎవరో అమ్మకు ఒకటి జరిపారు. అమ్మ వద్దంది. సారు కాళ్ల దగ్గర, నేల మీదే కూర్చుంది.